కంచె అవతలి ఏడుపు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కోనసీమలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను ఒక ఇంగ్లీషు నవల గురించి మాట్లాడమన్నారు. అది ఎంత గొప్ప నవలో చెప్పినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. దానికి నేను కొత్తగా చేర్చేదేం లేదు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ నవలని మన మనుషులు, ఈ కాలవ గట్ల మీద, ఈ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాళ్లు చదివి ఏమన్నారు? ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ కోప్పడ్డారు? నవలంతా చనిపోయినవాళ్ల గురించే. అయినా మావాళ్లు పరలోకం గురించి పెద్దగా మాట్లాడలేదు. ఏడవడానికి చోటు దొరకని మనుషుల గురించి మాట్లాడారు. వారాల తరబడి అదే మాట. అలా ఎందుకు జరిగిందో చెప్పాలనే ఈ రోజు వచ్చాను.

పుస్తకం పేరు 'లింకన్ ఇన్ ద బార్డో'. రాసింది జార్జ్ సాండర్స్ అనే అమెరికన్ రచయిత. అంతవరకూ కథలు రాసిన ఆయనకి ఇదే మొదటి నవల. 2017లో వచ్చింది, ఆ ఏడాదే మ్యాన్ బుకర్ బహుమతి అందుకుంది.

కథ చిన్నదే. 1862 ఫిబ్రవరి. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంకా ఏడాది నిండలేదు. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ కొడుకు విల్లీకి జ్వరం. పిల్లాడు మేడ మీద మంచంలో ఉండగానే ఫిబ్రవరి 5న వైట్‌హౌస్‌లో పెద్ద విందు జరిగింది. 20వ తేదీన పిల్లాడు పోయాడు. టైఫాయిడ్ అంటారు. పదకొండేళ్లు వాడికి. జార్జ్‌టౌన్‌లో ఓక్ హిల్ అనే శ్మశానంలో, వేరే కుటుంబం వాళ్ల సమాధి గదిలో, తాత్కాలికంగా ఆ పెట్టె ఉంచారు. తర్వాత ఆ తండ్రి ఒంటరిగా అక్కడికి వెళ్లి కొడుకుని చూసుకున్నాడని అప్పట్లో పత్రికలు రాశాయట. సాండర్స్‌కి 1990ల మొదట్లో బంధువొకరు ఈ సంగతి చెప్పారు. ఇరవై ఏళ్లు మనసులో పెట్టుకుని అప్పుడు రాశాడు. నవల దాదాపు అంతా ఆ శ్మశానంలో ఒక్క రాత్రి జరుగుతుంది.

శ్మశానం నిండా ఆత్మలు. తాము చనిపోయామని వాళ్లు ఒప్పుకోరు. శవపేటికని రోగి పెట్టె అంటారు. కాస్త నయమైతే ఇంటికెళ్లిపోతాం అనుకుంటూ ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. బార్డో అంటే టిబెట్ బౌద్ధుల లెక్కలో చావుకీ మరుజన్మకీ మధ్య దశ. మన ప్రేత దశకి దగ్గరగా ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఇవాళ్టికి చాలు.

మేం చదివిన పద్ధతి ఇదీ. అమలాపురం దగ్గర మా శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు కూర్చునేవాళ్లం. ఇంగ్లీషు వచ్చినవాళ్లు ముందే చదువుకొచ్చి పేజీలు తెలుగులో చెప్పేవారు. వచ్చేవాళ్లలో బళ్లో టీచర్లు, ఒక పురోహితుడుగారు, ఒక పాస్టరుగారు, కరెంటు లైన్‌మన్, డిగ్రీ చదివే పిల్లలు, పేపరు చదువుకోవడానికి వచ్చి ఉండిపోయేవాళ్లు. మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చే ఒక మామ్మగారు కూడా ఉండేవారు. పుస్తకం సంగతి తెలిశాక మానేసినవాళ్లూ ఉన్నారు. ఒకావిడ పుస్తకం ఇంటికి తీసుకెళ్లనంది, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారట. ఆవిణ్ణి నేను తప్పుపట్టను. మన ఊళ్లలో చావు కబురు చెప్పడానికొచ్చినవాడు గడప దాటి లోపలికి రాడు. చావు పుస్తకం మాత్రం ఎలా వస్తుంది?

మొదటి చిక్కు దాని రూపంతో వచ్చింది. ఈ నవలలో కథ చెప్పే మనిషి లేడు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు మాట్లాడతారు, మాట కింద పేరుంటుంది. మధ్యమధ్య అప్పటి ఉత్తరాల్లోంచి, చరిత్ర పుస్తకాల్లోంచి ముక్కలు వస్తాయి. కొన్ని నిజమైనవి, కొన్ని రచయిత కల్పించినవి. "ఇది నవలా, నాటకమా మేష్టారూ?" అని అడిగారు. చివరికి తలో గొంతూ పంచుకున్నాం. పెళ్లయిన కొత్తల్లోనే దూలం మీదపడి పోయిన వోల్మన్ మాటలు ఆర్ఎంపీ డాక్టరుగారు చదివారు. చెయ్యి కోసుకుని, ఆఖరి క్షణంలో బతకాలనిపించి కూడా బతకలేకపోయిన బెవిన్స్ మాటలు ఒక డిగ్రీ అమ్మాయి చదివింది. రెవరెండ్ థామస్ మాటలు పాస్టరుగారే అడిగి తీసుకున్నారు. ఈ నవల ఆడియో పుస్తకానికి 166 మంది గొంతులిచ్చారు. అంతమంది మా దగ్గర లేరు గానీ, వేరువేరు గొంతుల్లో వినగానే ఆ చిక్కు విడిపోయింది.

విందు జరిగిన రాత్రి చందమామ ఎలా ఉందో చెప్పే అధ్యాయం ఒకటుంది. నిండు చంద్రుడని ఒక సాక్షి, అసలు చంద్రుడే లేడని ఇంకో సాక్షి. ఇది తప్పుల తడక అని పిల్లలు అనుకున్నారు. మా లైన్‌మన్ మాత్రం, "మా నాన్న పోయిన రోజు వానపడిందని నేనంటాను. ఎండ కాసిందని మా అక్కంటుంది. ఇద్దరం అక్కడే ఉన్నాం. ఇప్పటికీ తేలలేదండి" అన్నాడు. ఆ అధ్యాయానికి ఇంతకంటే మంచి వ్యాఖ్య నేను ఎక్కడా చదవలేదు.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. తండ్రి రాత్రి వస్తాడు. పెట్టె మూత తీస్తాడు. కొడుకు శరీరాన్ని బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. విల్లీ ఆత్మ పక్కనే నిలబడి చూస్తుంటుంది. నాన్న నన్ను కాకుండా దాన్నెందుకు పట్టుకున్నాడని వాడి బాధ. వెళ్లేముందు తండ్రి మళ్లీ వస్తానని చెప్తాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పిల్లాడు ఉండిపోతాడు. కానీ ఆ లోకంలో పెద్దవాళ్లు ఉండిపోయినా పర్వాలేదు గానీ పిల్లలు ఉండకూడదు. ఉంటే తీగల్లాంటివేవో వచ్చి చుట్టేసి, కదలకుండా బిగించేస్తాయి. తండ్రి ప్రేమే పిల్లాడికి సంకెల అయింది.

ఇది విని పురోహితుడుగారు లేచారు. "ఇదంతా మన శాస్త్రంలో ఉన్నదే" అన్నారు. యాజ్ఞవల్క్య స్మృతిలో ఒక మాట ఉంది. బంధువులు కార్చిన కన్నీళ్లు పోయినవాడు తనకి ఇష్టం లేకపోయినా తాగాల్సివస్తుంది, కాబట్టి ఏడవకూడదు, చెయ్యాల్సిన కర్మలు చెయ్యాలి అని. ఆయన శ్లోకం చదివి అర్థం చెప్పారు. నాకు ఒళ్లు జలదరించింది. ఎక్కడి యాజ్ఞవల్క్యుడు, ఎక్కడి అమెరికా నవల! బతికినవాళ్ల దుఃఖం పోయినవాళ్ల దారికి అడ్డం పడుతుందన్న ఆలోచన రెండు చోట్లా ఉంది.

అప్పుడు మామ్మగారు మాట్లాడారు. అంతవరకూ ఆవిడ గొంతు మేం వినలేదు. "ఏడవకూడదని రాసినాయనకి పిల్లలు పోయారా బాబూ?" అని అడిగారు. నిజంగానే అడిగారు, జవాబు కావాలన్నట్టు పురోహితుడుగారి వైపు చూశారు.

ఆవిడ రెండో బిడ్డకి జ్వరం వచ్చింది. నడక వచ్చి, మాటలు వస్తున్న వయసు. కాకినాడ తీసుకెళ్లడానికి ముక్తేశ్వరం రేవుకి వెళ్లారు. అప్పటికి వంతెనలు లేవు, గౌతమి దాటి కోటిపల్లి వెళ్లాలంటే పడవే గతి. పడవ అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేసరికి రేవులోనే బిడ్డ పోయాడు. తీసుకొచ్చి తోటలో ఓ మూల పూడ్చారు. అందరూ స్నానాలు చేసి వచ్చేశారు. అంతే. పదో రోజు లేదు, పెద్దకర్మ లేదు, మాసికం లేదు, తద్దినం లేదు. అప్పటికి ఆవిడ మళ్లీ కడుపుతో ఉన్నారు. పిల్లాడి పేరెత్తితే, అశుభం మాట్లాడకమ్మా అనేవారట అత్తగారు. సంక్రాంతికి పోయినవాళ్లకి కొత్తబట్టలు పెట్టుకుంటాం కదా, ఆ బట్టల్లో వాడికి ఎప్పుడూ పెట్టలేదు. వాడి చొక్కా ఒకటి బియ్యం డబ్బాలో దాచి, తర్వాత పిల్లలకి పాతగుడ్డ అని చెప్పేవారట.

"వాళ్ల నాన్న ఒళ్లో పెట్టుకున్నాడు చూడు," అన్నారు, "నన్నయితే తాకనివ్వలేదు."

పురోహితుడుగారు మంచి మనిషి. నెమ్మదిగా చెప్పారు. రెండేళ్లు నిండని పిల్లలకి దహనం లేదు, ఖననమే. ఉపనయనం కాని పిల్లలకి పూర్తి కర్మకాండ ఉండదు. పసివాడికి పాపం అంటదు, దాటాల్సిన వైతరణి ఉండదు, నేరుగా వెళ్లిపోతాడు కాబట్టి మనం దాటించాల్సిన పని లేదని భావం. ఆలోచిస్తే ఇది దయగల భావమే. ఆ నవలలోనూ పిల్లలు త్వరగా వెళ్లిపోవడమే మేలంటారు. కానీ నాకు ఒకటి అనిపించింది, ఆ రోజే వాళ్లకీ చెప్పాను. ఆ ఏర్పాటు బిడ్డ మీద దయతో చేసింది. తల్లిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. బిడ్డకి కర్మలు అక్కర్లేదు సరే, ఆవిడకి అక్కర్లేదా? పదిమంది వచ్చి కూర్చుని, వాడి పేరు చెప్పి, వాడి కోసం ఒక ముద్ద పెట్టే ఒక్క రోజైనా ఆవిడకి కావాలి కదా?

తర్వాత వారం మామ్మగారు వచ్చీ రాగానే, ఆ పిల్లాడు ఇంకా అక్కడే ఉన్నాడా అని అడిగారు. లేడని చెప్పాను. 1865 ఏప్రిల్‌లో లింకన్ని కాల్చి చంపారు. ఆయన శవపేటికని సొంత ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌కి రైల్లో తీసుకెళ్లారు. విల్లీ పెట్టెని కూడా బయటికి తీసి అదే రైల్లో ఎక్కించారు. తండ్రీ కొడుకులు ఒకే రైల్లో వెళ్లారు. "అయితే మళ్లీ వస్తానన్న మాట నిలబెట్టుకున్నాడన్నమాట" అన్నారావిడ. ఈ సంగతి నవల్లో లేదు, చరిత్రలో ఉంది. రెండూ కలిపి ఆ మాట అన్నది మామ్మగారు.

దీనికి పూర్తిగా ఎదురు మాట కూడా వచ్చింది. రిటైరైన ఒక పోస్టుమాస్టరుగారు, "మనకి పన్నెండు రోజుల్లో అన్నీ పద్ధతిగా జరిగిపోతాయి. వాళ్లకి అలాంటి ఏర్పాటు లేదు గనక రాత్రిపూట శ్మశానంలో తిరిగాడు ఆ పెద్దమనిషి" అన్నారు. నేను ఈ మాటని తేలిగ్గా తీసుకోను. కోటిపల్లి రేవులో పన్నెండో రోజు కార్యక్రమం చూసినవాళ్లకి తెలుస్తుంది. అప్పటిదాకా రోజుకో పిండం పెట్టి, పోయినవాడికి ఒక్కో అవయవం చొప్పున శరీరం కడతారు. పన్నెండో రోజు ఆ ప్రేత పిండాన్ని దర్భతో మూడు ముక్కలు చేస్తారు. తండ్రి, తాత, ముత్తాత పిండాల్లో ఒక్కో ముక్కా కలిపేస్తారు. కర్త తన చేత్తోనే కలపాలి. అన్నం అన్నంలో కలిసిపోతుంది. ఇక ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. మా నాన్నగారికి నేను చేశాను. ఆ ముద్ద కలుపుతున్నప్పుడు నా చేతికి తెలిసిన సంగతి నా బుర్రకి అంతవరకూ తెలియలేదు. ఆయన ఇక ఒక్క మనిషి కాదు, పెద్దల్లో ఒకరు. అంత గట్టి ఏర్పాటు అది.

కాబట్టి పోస్టుమాస్టరుగారి మాట నిజమే. కాకపోతే ఆ ఏర్పాటు అందినవాళ్లకే అది నిజం. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు మన ఊళ్లలో ఎంతమంది కొడుకులు తండ్రి మొహం కూడా చూడకుండా స్నానం చేశారో ఇక్కడున్న మీకు నేను చెప్పక్కర్లేదు. శవమే దొరకని వాళ్ల సంగతేమిటి?

దీని గురించి మాట్లాడింది తీరం నుంచి వచ్చిన ఒకామె. ఆవిడ కోడలు మా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకి చదువుకునేది, అత్తగారిని కూడా తెచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మీ అందరికీ గుర్తే. కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు ఎన్ని కూలాయో చెప్పుకుంటాం, ఆ తర్వాత తోటలు తేరుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో చెప్పుకుంటాం. భైరవపాలెం వైపు రొయ్యపిల్లల వేటకి వెళ్లి తిరిగిరానివాళ్ల గురించి చెప్పుకోవడం తక్కువ. ఈవిడ భర్త వాళ్లలో ఒకడు.

శవం లేదు. చట్టమైతే ఏడేళ్లు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు లెక్కవేస్తుంది. శాస్త్రం పన్నెండేళ్లు చూడమంటుంది, ఆ తర్వాత దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యమంటుంది. ఆవిడ ఆ లెక్కలేవీ చూడలేదు. బొట్టు తీస్తే తానే చంపినట్టవుతుందని చాలా ఏళ్లు తియ్యలేదు. ఉంచుకుంటే ఊళ్లో మాటలు. ఎవరింట్లో పేరంటం జరిగినా పిలవాలో వద్దో వాళ్లకి తెలీదు, వెళ్లాలో వద్దో ఈవిడకి తెలీదు. శ్మశానంలో ఆత్మలు తాము చనిపోలేదనుకుంటూ ఏళ్ల తరబడి ఉండిపోవడం మాలో చాలామందికి వింతగా తోచింది. ఆవిడకి తోచలేదు. "నేను కూడా అలాగే ఉన్నాను గదండీ" అంది. రచయిత ఆ ఆత్మల్ని చచ్చినవాళ్లుగా రాశాడు. బతికుండి అలా ఆగిపోయినవాళ్లుగా ఆవిడ చదివింది. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ చదువు నాకు తట్టలేదు. ఆవిడదే సరైన చదువని ఇప్పుడు నమ్ముతున్నాను.

ఆ రోజే మాకు భారతం గుర్తొచ్చింది. పురాణం చెప్పే ఒక పెద్దాయన మధ్యలో ఆపి, "ఈ కథ ఆశ్రమవాస పర్వంలో ఉంది" అన్నారు. తిక్కనగారు తెలుగు చేసిన పర్వాల్లోదే అది. యుద్ధం అయిపోయి పదిహేనేళ్లు దాటింది. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో ఉన్నారు. కొడుకుల దుఃఖం తగ్గలేదు. వ్యాసుడు వచ్చి, చనిపోయినవాళ్లని ఒక్క రాత్రి చూపిస్తానంటాడు. సాయంత్రం అందరూ గంగ ఒడ్డున కూర్చుంటారు. నీళ్లలోంచి చప్పుడు. దుర్యోధనుడు, కర్ణుడు, అభిమన్యుడు, ద్రౌపది కొడుకులు, అందరూ పైకి లేచి వస్తారు. పగలు లేవు. తల్లి కొడుకుని, భార్య భర్తని కలుసుకుంటుంది. తెల్లవారేసరికి వాళ్లు మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతారు.

తీరం నుంచి వచ్చినావిడ శ్రద్ధగా వింది. "తెల్లారాక ఏం జరిగిందండి?" అంది. పెద్దాయన చెప్పారు. భర్తలున్న లోకానికి వెళ్లాలనుకునే స్త్రీలు గంగలో దిగవచ్చని వ్యాసుడు అంటాడు, ఆ రాజుల భార్యలు దిగుతారు.

"అయితే నేను దిగేదాన్ని కాదండి" అంది ఆవిడ. "అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు."

ఇంకో విషయం మీద మాలో మాకు గట్టిగా మాటలు పడ్డాయి. అది చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే నేను నిజం చెప్పినట్టు కాదు. ఆ నవలలో శ్మశానానికి ఇనుప కంచె ఉంటుంది. లోపల తెల్లవాళ్ల సమాధులు. కంచె అవతల ఒక గోతిలో నల్లజాతి వాళ్లని, బానిసలుగా బతికినవాళ్లని గుంపుగా పూడ్చారు. వాళ్ల ఆత్మలు కూడా తమ కథ చెప్పుకోవాలని కంచె దాటి వస్తాయి. లోపలి ఆత్మల్లో కొందరు వాళ్లని వెనక్కి తరుముతారు. చనిపోయాక కూడా!

ఈ పేజీలు చదివిన రోజు ఒక కుర్ర టీచరు లేచాడు. దళిత పేట నుంచి వచ్చినవాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. తమ ఊళ్లో శ్మశానం మురుగు కోడు పక్కన, పల్లంలో ఉందన్నాడు. వానాకాలం గొయ్యి తవ్వితే నీరు ఊరుతుంది. తోడుతూ తవ్వాలి, తవ్వుతూ తోడాలి. ఒకసారి వాళ్ల పెదనాన్నని మోసుకెళ్తుంటే మోకాటిలోతు బురదలో నలుగురూ ఆగిపోయారు, పాడె కింద పెట్టడానికి చోటు లేదు. అదే ఊళ్లో ఇంకో శ్మశానానికి సిమెంటు రోడ్డు ఉంది, షెడ్డు ఉంది, నీళ్ల పంపు ఉంది. "అమెరికా వాళ్లకి కంచె ఉందని ఆశ్చర్యపోతున్నారు, మన దగ్గర కంచె కూడా అక్కర్లేదు, ఎవరు ఎటెళ్లాలో అందరికీ తెలుసు" అన్నాడు.

ఒకరిద్దరికి కోపం వచ్చింది. దుఃఖం గురించి మాట్లాడుకుంటుంటే ఇందులోకి కులం ఎందుకు లాగుతావన్నారు. నేను ఆ కుర్రాడి వైపే నిలబడ్డాను, ఇప్పుడూ నిలబడతాను. అతను లాగలేదు. కంచె పుస్తకంలోనే ఉంది. పుస్తకంలో కంచెని చూసి జాలిపడి, మన ఊళ్లో పల్లాన్ని చూడకుండా వెళ్లిపోతే మనం చదివింది ఏమిటి? గజం నేల కూడా వదలకుండా వరి వేసే డెల్టా ఇది. ఇక్కడ శవానికి ఎంత నేల, ఎలాంటి నేల దక్కుతుందన్నది చిన్న విషయం కాదు. తండ్రిని పూడ్చేటప్పుడు కొడుకు దృష్టంతా గోతిలో నీళ్ల మీద ఉండాల్సివస్తే అతను ఏడ్చేది ఎప్పుడు?

పాస్టరుగారు అప్పుడు సమాధుల పండుగ సంగతి చెప్పారు. నవంబరు 2న కుటుంబాలన్నీ వెళ్లి సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఏడాది ముసురు పట్టి నీళ్లు నిలిస్తే సగం సమాధుల దగ్గరికి పోవడానికి దారి ఉండదట. మా గుంపులోంచి కొందరం ఆ శ్మశానం మెరక చేయించమని పంచాయతీకి అర్జీ పెట్టాం. కోపం వచ్చినవాళ్లలో ఒకాయన కూడా సంతకం పెట్టారు. పని ఇంకా కాలేదు, వెంటపడుతున్నాం.

నవల చివర్లో కంచె అవతలి నుంచి వచ్చిన థామస్ హేవెన్స్ అనే నల్లజాతి మనిషి ఆత్మ లింకన్ లోపల ప్రవేశించి, ఆయనతో పాటే గుర్రం మీద బయటికి వెళ్లిపోతుంది. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి దుఃఖమే ఇతరుల దుఃఖానికి తలుపు తీసిందని రచయిత ఉద్దేశం. కుర్ర టీచరుకి ఈ ముగింపు నచ్చలేదు. ఒక పెద్దమనిషి గుండె కరిగితే తప్ప మాకు న్యాయం జరగదా అన్నాడు. డిగ్రీ అమ్మాయికి చాలా నచ్చింది, హేవెన్స్ అడిగి లోపలికి వెళ్లలేదు, తనే వెళ్లి కూర్చున్నాడు కదా అంది. నాకు ఇద్దరి మాటా సబబుగానే కనిపించింది. ఆ ముగింపు కాస్త తేలికైపోయిందని మాత్రం నా అభిప్రాయం.

ఆఖరి వారం పశ్చిమ గోదావరి నుంచి, మిలిటరీ మాధవరం నుంచి ఒక రిటైర్డ్ సుబేదారుగారు వచ్చారు. ఇంటికొకరు సైన్యంలో పనిచేసిన ఊరు అది. కూతురు ఇక్కడ కాపురం ఉంటే చూడటానికి వచ్చి, మా చదువు సంగతి విని వచ్చారు. లింకన్ ఆ రాత్రి ఆలోచించే పేజీలు చదివించుకున్నారు. అంతకు కొద్ది రోజుల ముందే ఫోర్ట్ డోనెల్సన్ దగ్గర యుద్ధంలో ఎంతోమంది పోయారు. ప్రతి శవమూ ఒక తండ్రికి విల్లీయే అని ఆయనకి తెలుస్తుంది. యుద్ధం ఆపేస్తాడేమో అనుకుంటాం. ఆపడు. త్వరగా ముగించాలంటే ఇంకా గట్టిగా యుద్ధం చెయ్యాలి, ఇంకా చంపాలి అన్న నిర్ణయానికి వస్తాడు.

సుబేదారుగారు అడిగారు: "తన బిడ్డ కోసం అంత ఏడ్చినవాడు, అన్నీ తెలిసి, మిగతావాళ్ల బిడ్డల్ని ఎలా పంపగలిగాడు మేష్టారూ?" బానిసత్వం పోవాలంటే ఆ యుద్ధం గెలవక తప్పలేదు కదా అని టీచరు అన్నాడు. అదీ నిజమేనని సుబేదారుగారు ఒప్పుకున్నారు. కానీ, తాను ఇద్దరు జవాన్ల ఇళ్లకి పెట్టెలతో పాటు వెళ్లానని, ఆ తల్లులకి ఈ జవాబు చెప్పలేకపోయేవాణ్ణని అన్నారు. పెట్టె తెరిచి చూపించమని ఒక తల్లి అడిగిందట. తెరవకూడదని ఉత్తర్వు. లింకన్ తెరిచాడు చూడండి అన్నారు.

దానికి మా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ అధ్యాయాలు మళ్లీ మొదటి నుంచి చదవాలనుకున్నాం. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి మొదలుపెడుతున్నాం. పుస్తకం కాపీలు కౌంటర్లో ఉన్నాయి, తెలుగులో రాసుకున్న నోట్సు జిరాక్స్ తీయించి పెట్టాం. ఇంగ్లీషు రాకపోయినా రండి. పెద్దవాళ్లని తీసుకురండి, వాళ్లని దింపడానికి ఆటో ఏర్పాటు చేస్తాం.

సెలవు. నమస్కారం.